సూదికి పాలొచ్చాయి, దూడ మీద మనసు రాలేదు

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో మా పెద్దమ్మ వాళ్ళ కొట్టంలో ఒక తొలిచూలు గేదె ఉండేది. ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. రాత్రంతా అవస్థపడ్డాక తెల్లవారుజామున నలుగురు కలిసి దూడను బయటికి లాగారు. తల్లి లేచే స్థితిలో లేదని దూడను పక్క పంచలోకి తీసుకెళ్ళి, నీళ్ళతో కడిగి, గోనెపట్టాతో ఒళ్ళంతా తుడిచారు. మధ్యాహ్నానికి గేదె నిలదొక్కుకుని కుడితి తాగింది. దూడను తెచ్చి పొదుగు దగ్గర వదిలితే ఎగిరి తన్నింది. ఎంత నిమిరినా చేపలేదు, పాలు కిందికి దించలేదు. మర్నాడు ఊళ్ళో ఒకతను చిన్న సీసాలోంచి మందు లాగి మెడకు సూది వేశాడు. ఇట్టే చన్నులు బిగుసుకుని పాలు ధార కట్టాయి. సంతోషపడి దూడను మళ్ళీ వదిలారు. మళ్ళీ తన్నింది.

పెద్దమ్మ చెంబు పక్కన పెట్టి నావైపు తిరిగింది. "ఏంది నాయనా ఇది? సూది ఏస్తే పాలైతే దిగినయ్ గదా. మరి బిడ్డ మింద మనసెందుకు రాలా?"

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి నేను. అయినా ఆ పూట ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను. హార్మోన్లూ మందులూ జంతువు మెదడును, నడతను ఎట్లా మారుస్తాయన్నది పెద్ద శాస్త్రం. అందులో ముడిపడిన చోటల్లా పెద్దమ్మ ప్రశ్నే కనిపిస్తుంది నాకు. అందుకని ఆమెకు చెప్పాల్సిన జవాబునే ఇక్కడ మొదటినుంచీ చెబుతాను.

ముందు 'చేపు' అన్న మాట చూడండి. పొదుగులో పాలుండటం వేరు, గేదె చేపడం వేరు అని పాడి చేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. శాస్త్రం ఆ తేడాను విప్పి చెప్పడానికి 20వ శతాబ్దం దాకా పట్టింది. పొదుగు లోపల ద్రాక్షగుత్తుల్లాగా సన్నటి బుడగలుంటాయి. పాలు తయారయ్యేదీ, ఎక్కువ భాగం నిలవుండేదీ ఆ బుడగల్లోనే. చన్నుల పైనుండే తిత్తిలోకి దిగి సిద్ధంగా ఉండే పాలు ఆవులో సుమారు ఐదోవంతు. గేదెలో అయితే ఇరవయ్యో వంతు దగ్గర ఉంటాయి, అంతే. అందుకే చేపని ఆవు దగ్గర కాస్తయినా పిండుకోవచ్చు, చేపని గేదె దగ్గర చెంబు అడుగు కూడా తడవదు.

దూడ మూతితో పొదుగును కుమ్మి చన్ను పట్టగానే ఆ స్పర్శ నరాల వెంట వెన్నులోకి, అక్కడినుంచి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కి చేరుతుంది. అక్కడి కణాలు తయారుచేసిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కిందనే వేలాడే పిట్యూటరీ గ్రంథి వెనక భాగంనుంచి నెత్తుర్లోకి దిగుతుంది. నెత్తురుతోపాటు పొదుగు చేరి, బుడగల చుట్టూ అల్లుకున్న సన్నని కండర కణాలను బిగిస్తుంది. బుడగలు పిండినట్టయి పాలు కిందికి దిగుతాయి. ఆవుకి ఇదంతా ఒక నిమిషం పని, గేదెకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో పిట్యూటరీని పీయూష గ్రంథి అంటారు. సంస్కృతంలో పీయూషం అంటే అమృతం మాత్రమే కాదు, ఈనిన కొత్తల్లో వచ్చే ముర్రుపాలు కూడా. ఆ పేరు పెట్టినవాళ్ళ మనసులో ఏముందో గానీ, పేరు మాత్రం భలే కుదిరింది.

పిట్యూటరీ సారం గర్భసంచిని బిగిస్తుందని హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త 1906లో చూశాడు. అదే సారం పాలను కూడా దించుతుందని 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు చూపించారు. అది తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసని తేల్చి, 1953లో ప్రయోగశాలలోనే తయారుచేసినవాడు విన్సెంట్ డు విన్యో. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మా పెద్దమ్మ గేదె మెడలోకి పోయింది ఆ మందే. గేదె సొంతంగా తయారుచేసుకునే ఆక్సిటోసిన్‌కీ దానికీ అణువులో తేడా లేదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఆక్సిటోసిన్‌ను పత్రికలు 'ప్రేమ హార్మోన్' అని రాస్తుంటాయి. అది చదివినవాళ్ళకు, అదే హార్మోన్ సూదిలో ఇస్తే ప్రేమ కూడా రావాలి కదా అనిపిస్తుంది. రాదు. ఎందుకంటే హార్మోన్ పని దాని పేరును బట్టి ఉండదు. అది ఎక్కడికి చేరింది, చేరిన చోట కణాలమీద దాన్ని అందుకునే గూళ్ళు (రిసెప్టర్లు) ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నెత్తురు ఒంట్లో అన్ని చోట్లకూ పోతుంది. మెదడులోకీ పోతుంది. కానీ నెత్తుర్లో ఉన్న ప్రతిదీ మెదడు కణాల్ని తాకలేదు. 1885లో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త జంతువుల నెత్తుర్లోకి రంగు ఎక్కించి చూశాడు. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు అన్నీ రంగు తేలాయి, మెదడు మాత్రం తెల్లగానే మిగిలింది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఏది లోపలికి పోవాలో ఏది పోకూడదో అవే చూసుకుంటాయి. మా జిల్లాలో కావలి అని ఒక ఊరుంది, ఆ పేరే ఈ ఏర్పాటుకు పెట్టాలనిపిస్తుంది నాకు. కొవ్వులో కరిగే చిన్న అణువులను ఈ కావలి దాటనిస్తుంది. ఆక్సిటోసిన్ లాంటి అమైనో ఆమ్లాల గొలుసులను దాదాపుగా దాటనివ్వదు.

ఆ కావలి ఎంత ముఖ్యమో పిడుదుల మందు చూస్తే తెలుస్తుంది. పశువులకు పిడుదులకూ కడుపులో పురుగులకూ ఐవర్‌మెక్టిన్ సూది వేయించడం రైతులకు తెలిసిందే. దాన్ని కనిపెట్టినందుకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ మందు పురుగుల నరాలను స్తంభింపజేస్తుంది. అది పట్టుకోగల గూళ్ళు పశువు మెదడులో కూడా ఉన్నాయి. అయినా సరైన మోతాదులో పశువుకేమీ కాదు. కావలి దగ్గర ఒక పంపు ఉండి, లోపలికి దూరబోయిన మందును దూరినట్టే బయటికి తోసేస్తుంది. కోలీ అనే విదేశీ గొర్రెల కాపలా కుక్కల్లో చాలావాటికి ఆ పంపు పుట్టుకతోనే పనిచేయదు. మామూలు కుక్కకు ఏమీ కాని మోతాదుకే అవి తూలి, చొల్లు కార్చుకుంటూ, కళ్ళు కనపడక పడిపోతాయి. కొన్ని చచ్చిపోతాయి కూడా. దానికి కారణమైన జన్యువులోని లోపాన్ని 2001లో పట్టుకున్నారు. మందు ఒకటే, మోతాదూ ఒకటే. కావలి దగ్గర పంపు పనిచేసే కుక్కకు అది పురుగుల మందు, పనిచేయని కుక్కకు మెదడు మందు.

మరి ఆక్సిటోసిన్‌ను కావలి దాటించి నేరుగా మెదడులోకే ఇస్తే ఏమవుతుంది? ఈ పని చేసి చూశారు. 1979లో ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకల మెదడు ద్రవంలోకి ఆక్సిటోసిన్ ఇస్తే, వాటిలో చాలావరకు పక్కనున్న పరాయి పిల్లల్ని నోట కరుచుకుని గూట్లో చేర్చుకున్నాయి, నాకాయి, పొదివి పడుకున్నాయి. 1987లో గొర్రెలతో చేస్తే ఇంకా స్పష్టంగా తేలింది. చూలు లేని గొర్రె కూడా మెదడులోకి ఆక్సిటోసిన్ పడిన కాసేపటికే తనది కాని పిల్లను నాకుతూ, గొంతులో సన్నగా గురగురలాడుతూ వెంట తిరిగింది. ఈనిన గొర్రెల దగ్గర కూర్చున్న మన కాపరులందరికీ ఆ గురగుర తెలుసు. పిల్ల పుట్టినప్పుడు తప్ప గొర్రె అట్లా పలకదు.

ఆ ప్రయోగాల్లో ఎలుకకైనా గొర్రెకైనా ముందుగా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఇచ్చి ఉంచాల్సి వచ్చింది. నిండు చూలులో సహజంగా జరిగేదదే. ఈనే రోజు దగ్గరపడేకొద్దీ, చూలును నిలిపి ఉంచే ప్రొజెస్టిరోన్ హార్మోన్ పడిపోయి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. మెదడులో తల్లితనానికి సంబంధించిన చోట్ల ఆక్సిటోసిన్‌ను అందుకునే గూళ్ళు అప్పుడే ఎక్కువవుతాయి. గూళ్ళు సిద్ధం కాకముందు వచ్చిన ఆక్సిటోసిన్ వచ్చిన దారినే పోతుంది. అంటే ఒక హార్మోన్ పొలం దున్ని ఉంచితే ఇంకో హార్మోన్ విత్తనం వేస్తుంది. పాల కోసం సూది వేసేవాళ్ళ సీసాలో ఉండేది రెండోది మాత్రమే.

ఈనేటప్పుడు పిల్ల జనన మార్గాన్ని సాగదీస్తూ దిగుతుంది. ఆ సాగుడు నరాల ద్వారా మెదడుకు చేరి ఆక్సిటోసిన్‌ను ఒకేసారి రెండు దారుల్లో వదిలిస్తుంది. పిట్యూటరీనుంచి నెత్తుర్లోకి పోయేది గర్భసంచినీ పొదుగునూ చూసుకుంటుంది. హైపోథాలమస్‌నుంచి మెదడులోని మిగతా భాగాలకు నేరుగా పోయేది తల్లి మనసును తయారుచేస్తుంది. వెన్నులో మత్తు సూది ఇచ్చి ఆ సాగుడు కబురు మెదడుకు చేరకుండా ఆపితే, గొర్రె పిల్లను కన్నా పట్టించుకోదు. అదే గొర్రె మెదడులోకి ఆక్సిటోసిన్ ఇస్తే మళ్ళీ దగ్గరకు తీసుకుంటుంది. సూది వేసినప్పుడు పెద్దమ్మ గేదెలో మొదటి దారి ఒక్కటే తెరుచుకుంది. పొదుగుకు కబురు అందింది, మెదడుకు అందలేదు.

అయితే ఆ గేదె కూడా దూడను కన్నది, జనన మార్గం సాగింది, మెదడులో ఆక్సిటోసిన్ వచ్చే ఉంటుంది కదా అని మీరడగొచ్చు. నేనూ చాలా రోజులు అక్కడే ఆగిపోయాను. జవాబు ఆ గోనెపట్టాలో ఉంది.

ఉమ్మనీటి వాసన మామూలు రోజుల్లో గొర్రెకు పడదు. దాన్ని మేతమీద చల్లితే ముట్టకుండా పక్కకు పోతుంది. ఈనిన గంటల్లో మాత్రం ఆ వాసనే దానికి ప్రాణం. నేలమీద పడిన నీటిని కూడా వదలకుండా నాకుతుంది. వాసనను పసిగట్టే మెదడు భాగంలో ఆ కాసేపు నోరడ్రినలిన్ అనే ఇంకో రసాయనం పెల్లుబుకుతుంది. అది ఉన్నంతసేపే ఆ ఒక్క పిల్ల వాసన గట్టిగా ముద్రపడుతుంది. రెండు గంటలు తిరిగేసరికి గొర్రె తన పిల్లను మందలో గుర్తుపడుతుంది, పరాయి పిల్ల వస్తే కుమ్ముతుంది. ఆ గంటల్లో పిల్లను దూరంగా ఉంచితే తల్లితనం మెల్లగా ఆరిపోతుంది. పల్లా, జోడిపి, ఎర్ర గొర్రెలు మేపే మా మెట్ట కాపరులు ఈనిన గొర్రె దగ్గర ఎవర్నీ గోల చేయనివ్వరు, పిల్లను తల్లే నాకి ఆరబెట్టాలంటారు. తల్లి లేని పిల్లకు చచ్చిన పిల్ల తోలు తొడిగి, పిల్ల పోయిన తల్లి దగ్గర వదలడం చాలా దేశాల కాపరులకు తెలిసిన ఉపాయం.

మేము దూడను కడిగి తుడిచినప్పుడు ఆ వాసన కూడా కడిగేశాం. ఏ కాసేపట్లో తల్లి మెదడు తెరిచి ఉందో ఆ కాసేపూ దూడ పక్క పంచలో ఉంది. గేదెల మీద గొర్రెల మీద జరిగినన్ని ప్రయోగాలు జరగలేదు గానీ, దూడను నాకి వాసన పట్టి గుర్తించే పద్ధతి రెండింటిదీ ఒకటే. మంచి చేస్తున్నామనుకుని చేసిన పని అది.

ఇక చేపకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది భయం. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పాలు పితికే సమయంలో ఆవు వీపుమీద పిల్లిని ఎక్కించి, కాగితపు సంచులు ఊది పక్కనే పేల్చారు. చేపు ఆగిపోయింది. భయపడ్డ జంతువులో అడ్రినలిన్ పెరిగి పొదుగుకు నెత్తురు తగ్గిస్తుంది, ఆక్సిటోసిన్ పనికి అడ్డుపడుతుంది. తర్వాతి పరిశోధనల్లో ఇంకొకటి తెలిసింది. కొత్త చోటికి తెచ్చిన ఆవు చేపకపోతే చాలాసార్లు లోపం పొదుగులో లేదు, అసలు మెదడే ఆక్సిటోసిన్‌ను వదలడం లేదు. అటువంటి ఆవుకు సూది వేస్తే పాలు దిగుతాయి. మా పెద్దమ్మ పాలు తీసే వేళ కొత్తవాళ్ళు కొట్టంలోకి వస్తే గదమాయించేది. "పోండ్రా అవతలకి, చేపు చెదిరిపోద్ది" అని. దాన్ని దిష్టి అనేవాళ్ళు. దిష్టి సంగతి నాకు తెలీదు, చేపు చెదరడం మాత్రం నిజం. అదే గేదె చిట్టు కలిపిన బక్కెట చప్పుడు వింటేనే, ఇంకా చన్ను ముట్టకముందే, చేపడం మొదలుపెట్టేది. అలవాటైన చప్పుడుకు కూడా మెదడు ఆక్సిటోసిన్ వదులుతుంది.

అందుకే రోజూ సూదితో పాలు పిండే పద్ధతి నాకు సుతరామూ నచ్చదు. నచ్చకపోవడానికి జాలి ఒక్కటే కారణం కాదు. వారాల తరబడి రెండు పూటలా ఆక్సిటోసిన్ ఇచ్చి ఆపేసిన ఆవుల్లో సొంత చేపు తగ్గిపోయిందని ప్రయోగాల్లో చూశారు. మెదడు మామూలుగానే హార్మోన్ వదులుతున్నా పొదుగు మునుపటిలా స్పందించడం మానేస్తుంది. ఇక సూది లేనిదే పాలు దిగవని రైతు అనుకుంటాడు, ఆ సూదే దాన్ని అట్లా చేసిందని తెలియక. దీనికంటే పాత ఘోరం ఒకటుంది. గేదె జనన మార్గంలోకి గొట్టంతో గాలి ఊది పాలు దించేవాళ్ళు, దాన్ని ఫూకా అంటారు. పిల్ల దిగుతున్నట్టు మెదడును నమ్మించడమే అందులోని కిటుకు. గాంధీజీ ఆవు, గేదె పాలు ముట్టనని ఒట్టు పెట్టుకోవడానికి ఈ ఫూకా ఒక కారణం. జబ్బుపడి లేవలేకుండా ఉన్నప్పుడు కస్తూర్బా చెప్పగా మేకపాలకు ఒప్పుకున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ఫూకాను, పశువు ఆరోగ్యం చెడేలా పాల కోసం వేసే సూదులను నేరంగా పరిగణిస్తుంది. ఆ పాలు తాగితే పిల్లలకు ఏమవుతుందోనని అడిగేవాళ్ళకు ఒక మాట: ఆక్సిటోసిన్ కూడా మాంసకృత్తుల్లాంటి గొలుసే, కడుపులో వాటిలాగే అరిగిపోతుంది. నష్టం ముందుగా గేదెకే. డాక్టరు మాయ పడనప్పుడో, గర్భసంచి బిగియనప్పుడో వాడే మంచి మందు అది. దాని తప్పేమీ లేదు.

హార్మోన్ అయితే ఒంటి సొంత సరుకు. మరి బయటి మందు మెదడును ఎట్లా పట్టుకుంటుంది? మెదడు మీద పనిచేసే చాలా మందులకు ఒంట్లో తమకంటూ వేరే చోటు లేదు. సొంత రసాయనాల కోసం ఉన్న గూళ్ళలోనే దూరి, వాటిలాగా నటించడమో, వాటికి అడ్డు కూర్చోవడమో చేస్తాయి. సంతనుంచి తెస్తుండగా కొమ్ము విరిగిన ఎద్దుకు మా ఊరి పశువుల డాక్టరు మత్తు ఇవ్వడం దగ్గరుండి చూశాను. సిరంజిలో ఉన్నది చాలా కొంచెం, జైలజిన్ అనే మందు. పది నిమిషాలు తిరక్కముందే మెడ వాలింది, కింది పెదవి జారి చొల్లు తీగలా సాగింది, కళ్ళు తెరిచే ఉన్నా చూపు లేదు. మెదడు మెలకువగా, బెదురుగా ఉండటానికి నోరడ్రినలిన్ కావాలి. 'చాలు, ఇక వదలొద్దు' అని దానికి చెప్పే బ్రేకు గూళ్ళను జైలజిన్ నొక్కి పట్టుకుంటుంది. గుర్రానికి ఇచ్చే మోతాదులో సుమారు పదోవంతు పశువుకు సరిపోతుంది. గుర్రం లెక్కన ఎద్దుకు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. బరువు చూసి మోతాదు కట్టేవాళ్ళు జాతిని కూడా చూడాలి.

ఆ రోజు డాక్టరు సూది తీయడానికి ముందు అరగంట సేపు ఎద్దును వేపచెట్టు నీడలో కట్టేయించి, జనాన్నంతా పంపేశాడు. ఎందుకని అడిగితే, బెదిరిన ఎద్దుకు ఈ మందు సరిగా ఎక్కదన్నాడు. అప్పటికే నోరడ్రినలిన్ ఉప్పెనలా పారుతున్న మెదడులో బ్రేకు ఎంత నొక్కినా బండి ఆగదు. చాలామంది ఇంకో డోసు వేయమంటారు, అది ప్రమాదం. మందు చేరేసరికి మెదడు ఏ స్థితిలో ఉందన్నది మందు ఎంత వేశామన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

మందు సూదిలోనే ఉండాలని లేదు. దొడ్లో మొలిచే కుప్పింటాకు మొక్కను వేరుతో పీకి పడేస్తే పిల్లి వచ్చి ఆ వేరును నాకి, కొరికి, దానిమీద పొర్లుతుంది. తమిళులు ఆ మొక్కను 'పూనైవణంగి' అంటారు, పిల్లి దండం పెట్టేదని. పక్కనే పడుకున్న కుక్క దానివైపు చూడనైనా చూడదు.

మెట్ట దిగి సముద్రం వైపు పోతే ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట తీరమంతా రొయ్యల గుంటలే. 2009లో మన దేశంలో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక, గుడ్లు పెట్టించి రొయ్యపిల్లల్ని తీసే హేచరీలు పెరిగాయి. హేచరీలో తల్లి రొయ్య తొట్టెలో గుడ్లు సులభంగా కట్టదు. అందుకు ఒక కంటికాడను కత్తిరిస్తారు, లేదా దారంతో బిగగడతారు, లేదా నలిపేస్తారు. కొద్ది రోజుల్లోనే గుడ్లు కడుతుంది. కంటికీ గుడ్లకూ సంబంధమేమిటని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. రొయ్య కంటికాడలో కన్ను మాత్రమే ఉండదు, ఒక హార్మోన్ల గ్రంథి కూడా ఉంటుంది. 'ఇప్పుడు గుడ్లు వద్దు' అని అండాశయాన్ని ఆపి ఉంచే హార్మోన్ అక్కడిదే. ఈ సంగతి 1943లో పానూజ్ అనే శాస్త్రవేత్త చిన్న రొయ్యల మీద కనిపెట్టాడు. కాడ పోతే ఆ 'వద్దు' సగానికి తగ్గుతుంది. పొర విడవడాన్ని, నెత్తురులో చక్కెరను అదుపు చేసే హార్మోన్లు కూడా ఆ కాడలోనే ఉన్నాయి కాబట్టి వాటి లెక్కా తప్పుతుంది. ఒక్క బ్రేకు తీద్దామనుకుంటే నాలుగు ఊడివస్తాయి. రెండు కాడలూ తీస్తే తల్లి ఎక్కువ రోజులు బతకదు.

రొయ్యకు నొప్పి తెలుస్తుందా? హేచరీలో పనిచేసే కుర్రాళ్ళను అడిగితే "తోక కొట్టుకుంటుంది సార్, కాసేపటికి సర్దుకుంటుంది" అంటారు. తోక కొట్టుకోవడం నొప్పా, ఉత్త నరాల ఎగురుడా? ఇక్కడ మందు ఒక ప్రశ్నగా పనికొస్తుంది. కాడ దగ్గర ముందుగా తిమ్మిరి మందు రాసి కత్తిరిస్తే ఆ తత్తరపాటు తగ్గుతుందని పరిశోధకులు చూశారు. నొప్పిని ఆపే మందుకు ఒక నడత ఆగిందంటే ఆ నడత వెనక నొప్పి లాంటిది ఏదో ఉండొచ్చు. 2014లో రొయ్యకు దాయాది అయిన మంచినీటి క్రేఫిష్ మీద ఇదే దారిలో ఇంకా లోతుగా పోయారు. కూడలి ఆకారంలో నాలుగు దారులున్న తొట్టె, రెండు దారుల్లో వెలుతురు, రెండింట్లో చీకటి. మామూలు క్రేఫిష్ అన్నీ తిరిగి చూసింది. కరెంటు షాకులతో బెదిరించిన క్రేఫిష్ చీకటి వదిలి రాలేదు, దాని మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పెరిగి ఉంది. బెదరని దానికి సెరటోనిన్ ఎక్కిస్తే అదీ చీకట్లోనే నక్కింది. చివరికి మనుషులకు ఆందోళన తగ్గించడానికి వాడే క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తే మళ్ళీ వెలుతుర్లోకి వచ్చింది. మన దిగులు బిళ్ళ పట్టుకునే గూడు అంత దూరపు ప్రాణిలో కూడా ఉండి, అదే పని చేసింది. ఆ ప్రయోగం గురించి తెలిశాక కంటికాడ నలపడాన్ని మునుపటిలా చూడలేకపోయాను. కాడ జోలికి పోకుండా మేత, వెలుతురు, నీటి వేడి సరిచూసి గుడ్లు పెట్టించే పద్ధతులు ఉన్నాయి. ఖర్చు, ఓపిక ఎక్కువ కావాలి. మన తీరంలో వాటికి చోటు దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మగ హార్మోన్ టెస్టోస్టిరోన్ గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ కాస్తో కూస్తో తెలుసు. 1849లో జర్మనీలో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు కోడిపుంజుల మీద చేసిన ప్రయోగంతోనే ఈ శాస్త్రం మొదలైందంటారు. వృషణాలు తీసిన పుంజుకు జుట్టు వాలిపోయింది, కూత పోయింది, పోట్లాట పోయింది. మళ్ళీ కడుపులో వృషణం అతికిస్తే నరాలు కలవకపోయినా అన్నీ తిరిగొచ్చాయి. అంటే నెత్తురే ఏదో మోస్తోంది. కానీ దీనికో రెండో భాగం ఉంది, అది ఒంగోలు గిత్తల్ని పెంచేవాళ్ళకు బాగా తెలుసు. చిన్నప్పుడే విత్తులు నొక్కించిన కోడె సాధువుగా ఎదుగుతుంది. ఆవుల వెంట తిరిగి, కుమ్ములాటలు మరిగాక నొక్కిస్తే హార్మోన్ పోయినా ఆ పోకడలు చాలాకాలం పోవు. హార్మోన్ నేర్పిన పనిని మెదడు తన దగ్గర దాచుకుంటుంది.

పెద్దమ్మ గేదె సంగతికి వస్తాను. ఆ ఈతలో అది దూడను దగ్గరికి రానివ్వలేదు. దూడ ఒంటికి ఉప్పూ బెల్లం రాశారు. గేదె బెల్లం నాకింది, దూడను తన్నింది. ముందరి కాళ్ళకు బంధం వేసి, పక్కన ఒకరు నిలబడి కుడిపించుకుంటూ నెలన్నర లాక్కొచ్చారు. సూది మళ్ళీ వేయించవద్దని చెప్పాను, వేయించలేదు. చిట్టు బక్కెట చప్పుడుకు మెల్లగా చేపడం నేర్చుకుంది.

ఏడాదిన్నర తిరిగాక రెండో ఈత. తొలిచూలు గొర్రెలకంటే ఒకసారి ఈనినవాటి మెదడులో ఆక్సిటోసిన్‌కు తల్లితనం సులువుగా మేలుకొంటుందని చదివి ఉన్నాను కాబట్టి ఆశ ఉంది గానీ, మొదటిసారి బిడ్డను దగ్గరికే తీయని తల్లి కదా అని భయం కూడా ఉంది. ఈసారి సుఖంగా ఈనింది. దూడ గడ్డిమీద పడగానే పెద్దమ్మ కొడుకు అలవాటుగా గోనెపట్టా తీశాడు. పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. కొట్టంలో దీపం తగ్గించి అందరం బయట అరుగుమీద కూర్చున్నాం. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత లోపలినుంచి గరుకు నాలుక తడి వెంట్రుకల మీద గీస్తున్న చప్పుడు, దాని వెనకే గొంతులో సన్నని గురగుర వినపడ్డాయి.